గౌరిది పార్వతీపురం అని చెప్పించాను

బొబ్బిలి
1968 నవంబరు, ఆదివారం

ఇవాళ గౌరిని భోజనానికి పిలిచాను. జూన్‌లో మా బడికి వచ్చిన కొత్త టీచరు. జాతాపుల పిల్ల, గిరిజనులు, ఊరు కొండ మీద. లోపలికి రాకముందే వీధరుగు దగ్గర ఆపి, "మా అత్తగారు అడిగితే మాది పార్వతీపురం అని చెప్పు" అన్నాను. సరేనంది.

అత్తకి గౌరి బాగా నచ్చింది. "ఎంత అణకువగా ఉన్నాదో సూడు" అంటూ పక్కనే కూచుని వడ్డించింది. ఇంతలో వీధిలో విస్తళ్ళు కుట్టే అడ్డాకులమ్మే మనిషి కేకేసింది.

"ఆ కొండదాన్ని గుమ్మం ఎక్కనీకే. ఆళ్ళకి ఒంటిమీద నీళ్ళోసుకోడం కూడా తెలీదు" అంది అత్త నాతో.

గౌరి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. నేను నవ్వాను. అత్త ఏమన్నా నవ్వేయడం అలవాటైపోయింది నాకు. అయినా అప్పుడు ఎలా నవ్వగలిగానో...

గౌరి మెతుకు మిగల్చకుండా తిని, తన విస్తరి తనే తీసుకుంది.

వీధి చివరిదాకా దిగబెట్టడానికి వెళ్ళాను. "అత్త మాట మనసులో పెట్టుకోకు, పెద్దావిడ" అన్నాను.

"ఆవిడకి నేనెవరో తెలీదు కదండీ, టీచరుగారూ. మీకు తెలుసు" అంది. పొద్దుటిదాకా నన్ను అక్కా అని పిలిచిన పిల్ల.

ఇంటికొచ్చేసరికి అత్త, "మంచి పిల్లే. వచ్చే ఆదివారం కూడా తీసుకురా" అంది.

నిజం చెప్పడానికి అదే సమయం. నేను సరేనన్నాను.