తద్మూరులో మిగిలిన చెట్టు

నాయనా కుతైబా,

ఫోటోలో చెట్టు పచ్చగా ఉంది కాబట్టి మన ఖర్జూర తోట బతికే ఉందన్నావు. చెట్టు బతికే ఉంది, తోట లేదు. అమ్మాన్‌లో పుట్టినవాడివి, నీకు తేడా తెలియకపోవడం నీ తప్పు కాదు.

ఉద్యోగం మానేసి వచ్చి తోట చేస్తానన్నావు కనుకనే మీ బాబాయి కారెక్కి సరిహద్దు దాటి సిరియాలోకి వెళ్ళాను. అక్కడి అధికారి "ఈ వయసులో ఆ శిథిలాల్లో ఏం చూస్తావవ్వా?" అన్నాడు. "నాకంటే పాతవి ఏవైనా నిలబడి ఉన్నాయేమోనని" అన్నాను. నవ్వి ముద్ర కొట్టాడు.

మన ఊరు తద్మూరులో ఆ పురాతన రాతి స్తంభాలు కొన్ని నిలబడే ఉన్నాయి. వాటి వెనక మన తోటంతా యుద్ధంలో కాలిన మోళ్ళు. ఊట ఎండిపోయింది. మిగిలింది గట్టు మీది పోతు చెట్టు ఒక్కటే. అది కాయదు. ఏటా వసంతంలో మీ తాత దాని పూత కోసి, ఆడ చెట్లన్నీ ఎక్కి చేత్తో పుప్పొడి అద్దితేనే మనకు పళ్ళు. ఇప్పుడా పుప్పొడి ఇసుకలో రాలిపోతోంది. పిలకలు నాటుదామంటావేమో, దాని పిలకలూ పోతులే.

"పచ్చగా ఉంది కదమ్మా" అన్నాడు మీ బాబాయి.

"నువ్వూ ఎర్రగా బుర్రగానే ఉన్నావు, యాభై ఏళ్ళొచ్చినా పెళ్ళి లేదు" అన్నాను. వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

నువ్వు రావద్దు. తోటకని కొన్న నీటి మోటారు పెట్టె విప్పకుండా దుకాణంలో తిరిగి ఇచ్చెయ్. కొలత ఇచ్చి కోయించిన పైపు వాళ్ళు వెనక్కి తీసుకోరు. దాన్ని కిందింటివాళ్ళకివ్వు, పూలకుండీలకు నీళ్ళు పెట్టుకుంటారు.

నానమ్మ