అడ్రసు ఆయన చేతిరాత

వదినా, మీ తమ్ముడికి ఈమధ్య ఫిట్స్ రాలేదు, కార్డు చూసి కంగారు పడకండి. ఫిట్స్ ఉన్నవాళ్లకు జ్ఞాపకశక్తి కూడా చూడాలంటూ డాక్టరుగారు నిన్న ఒక పరీక్ష పెట్టించారు. ఒకావిడ అయిదు మాటలు చెప్పి, కాసేపు ఏవో బొమ్మలు గీయించి, మళ్లీ ఆ మాటలు అడిగింది. ఆయన నా మొహంలోకి చూశారు. కొట్లో జాకెట్టు కొలత తీసి, రాసుకునేలోపే మరిచిపోయి నావైపు చూస్తారు, అచ్చం అలాగే. నా పెదాలు వాటంతటవే కదిలాయి. "మీరు కాస్త బయట కూర్చోండమ్మా" అంది ఆవిడ. తలుపు అవతల కూర్చున్న నాకు అయిదూ నోట్లోనే ఉన్నాయి. లోపల ఆయనకు రెండే వచ్చాయట.

ఇన్నాళ్లూ నేను అందిస్తూ వచ్చాను కాబట్టి ఎవరికీ తెలియలేదు, నాకే తెలియలేదు. జబ్బు వల్లో మందుల వల్లో ఇంకా తేల్చాలట. మాత్రలు మాత్రం ఆపొద్దన్నారు. "వాడికి పని మీద ధ్యాస లేదు" అని అత్తయ్య ఇక అనొద్దని చెప్పండి. మీరొచ్చినప్పుడు ఆయన మాట కోసం తడుముకుంటే అందించకండి, ఆగండి. అన్నట్టు, పెద్ద కత్తెర సాన పట్టించారా? పాపకు దగ్గు తగ్గిందా? అత్తయ్యకు నమస్కారాలు, పాపకు ముద్దులు.

వెనక అడ్రసు ఆయనే రాశారు. చూసి రాయకుండా పాత ఉత్తరాలు దాచేశాను, నోరు విప్పలేదు. వీధి పేరు దగ్గర చాలాసేపు కలం ఆగిపోయింది. ఈ కార్డు మీకు అందితే వెంటనే ఒక్క ముక్క రాయండి, ఆయన పేరున.