పదకొండో రోజు హాజరు

దక్షిణ కొరియా, ఇంచన్ ఆస్పత్రి నుంచి

సిగరెట్ మానేవాళ్ల ఆన్‌లైన్ బృందం నిర్వాహకులు ఓ జున్‌గ్యు గారికి,

పొద్దున్నే హాజరు వేసి, మానేసి ఎన్నో రోజో రాస్తే అందరూ భుజం తట్టడం మన పద్ధతి. నా నలభై ఏళ్ల సిగరెట్‌ను మాన్పించింది అదే, కాదనను. అందుకే మా పైవాటా దొక్సునూ నేనే చేర్చాను.

పదకొండో రోజు వాడు ఏం రాశాడు? "ఈరోజూ ముట్టలేదు. చిరాకు ఆగక మా ఆవిడ పళ్లు రాలగొట్టాను."

కింద మనవాళ్లు: "అది నికోటిన్ కోపం తమ్ముడూ, ఓర్చుకో!" "శభాష్, రేపటికి పన్నెండు!"

నేనొక్కదాన్నే, "ఒరేయ్, పోయి సిగరెట్ తాగు, ఆ పిల్లను వదిలెయ్" అన్నాను. తాగమన్నందుకు మీరు నన్ను వెలివేశారు.

మర్నాడు అరుపులు విని పైకెళ్లాను. కిమ్చీ పచ్చడి జాడీ మూతతో భార్య మిహ్యాంగ్ తల మోదుతున్నాడు. అడ్డుపడితే నా కుడి మణికట్టు విరిచాడు. ఆమెకింకా స్పృహ రాలేదు. ఆమే, నేనూ మెట్ల మీంచి జారిపడ్డామని పోలీసులకు చెప్పాడు.

బృందం పరువు కోసం మీరు తీసేసిన ఆ హాజరును, శభాష్‌లతో సహా, పోలీసులకివ్వండి. నన్ను తిరిగి చేర్చుకోనక్కర్లేదు.

దొక్సు వందో రోజుకు చేరతాడో లేదోనని బెంగపడకండి. జైల్లో సిగరెట్లు దొరకవు.

ఎడమ చేత్తో,
మీరు వెలివేసిన ముసలిది