సంగటి సల్లారిపాయ

మార్చి 3, తిరుపతి

మా ర్యాప్ గ్రూపు పేరు చెక్‌పోస్ట్, మొదటి ఆల్బమ్‌లో ఏడు ట్రాకులు. ముందు ఒక సింగిల్ వదలాలి. నేను రాసినవన్నీ విని భానుచందర్ ఆవలించాడు. బీట్స్ చేసేది వాడే, వాడి ఆవలింతకు విలువుంది.

అప్పుడు నా ఫోన్‌లో ఉన్నది వినిపించాను. పోయిన ఆగస్టులో, సత్యవేడులో, నాయన శవం ముందు అమ్మ ఎత్తిన ఏడుపు. వెనక పలక డప్పుల మోత. "సంగటి సల్లారిపాయ, లెయ్ సామీ లెయ్." చొక్కా జేబులో రికార్డింగ్ ఆన్ చేసుకుని నిలబడ్డాను ఆ రోజు. కొడుకు చేయాల్సిన పనులు చాలా ఉంటాయి. నేను శ్రద్ధగా చేసింది అదొక్కటే.

భానుచందర్ మూడుసార్లు విని, పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే హుక్ ఇదే అన్నాడు. మాతో పాడే మహిత కళ్ళు తుడుచుకుని, అమ్మను అడిగావా అంది. ఒప్పుకుంది అన్నాను. అమ్మకు రికార్డింగ్ సంగతే తెలియదు.

మార్చి 9, సత్యవేడు

అబద్ధాన్ని నిజం చేద్దామని వచ్చాను. స్టూడియోకు వచ్చి ఆ ఏడుపు మళ్ళీ పాడతావా అని అడిగాను. అమ్మ చేటలో రాగులు చెరుగుతోంది. చేట కింద పెట్టింది.

"పీనుగ లేని సోట ఆ ఏడుపు ఎత్తగూడదురా అబ్బోడా. ఎత్తితే ఇంగొక పీనుగ ల్యాస్తాది."

నాకు తెలియనిదా? ఊళ్ళో ఎవరు పోయినా ముందు అమ్మకే కబురు వస్తుంది. ఆమె ఎత్తుకుంటేనే మిగతా ఆడవాళ్ళకు గొంతు పెగులుతుంది. శవాన్ని తీసుకెళ్ళాక స్నానం చేసి వచ్చిందంటే, మళ్ళీ చావు దాకా ఒక్క ముక్క కూడా ఆ నోట రాదు. చిన్నప్పుడు నేను ఆటలో రెండు మాటలు అంటే మూతి మీద కొట్టింది.

ఫోన్‌లో ఉన్నదాని గురించి చెప్పలేదు.

మార్చి 21

ఫోన్‌లోని ఏడుపుతోనే మిక్స్ అయిపోయింది. అద్భుతంగా ఉంది. ఛీ.

ఏప్రిల్ 5

సింగిల్ రిలీజ్.

ఏప్రిల్ 19

నాలుగు లక్షల వ్యూస్. రీల్స్ చూస్తూ కూర్చున్నాను. ఒకడు జిమ్‌లో బరువెత్తుతూ "లెయ్ సామీ లెయ్." ఒకామె నిద్రపోతున్న మొగుడి మీద నీళ్ళు చల్లుతూ అదే. కాలేజీ ఫ్రెషర్స్ పార్టీలో అరవై మంది అదే. మా అమ్మ భర్తను లేపుతోంది, వీళ్ళు గంతులేస్తున్నారు.

అన్నింటికీ లైక్ కొట్టాను. సంతోషంగానే ఉంది. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇక ఈ డైరీ ఎందుకు.

మే 2

అమ్మ వినేసింది. శ్రీకాళహస్తిలో ఉన్న చెల్లెల్ని, అంటే మా మునిలక్ష్మి చిన్నమ్మను చూడటానికి పోయి, అక్కడ బస్సు దిగి ఎక్కిన షేర్ ఆటోలో ఆ పాట పెట్టారట. ఆపమని డ్రైవర్‌ను అడిగిందట, పీనుగ లేదు కదప్పా అని. అందరూ నవ్వారట. దారిలోనే దిగి, ఎండలో నడిచి పోయిందట. ఇదంతా చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది. అమ్మ నాకు ఫోన్ చేయలేదు.

మే 5, సత్యవేడు

తిట్టలేదు. అన్నం పెట్టింది. నేను తిన్నాక అంది:

"ఆ పొద్దు నువ్వు ఏడస్తా ఉండావనుకుంటినిరా."

తీసేయమంది. నా చేతుల్లో లేదన్నాను. ఉంది. నేను ఒక్క మాటంటే భానుచందర్ తీసేస్తాడు. మహిత నిజం తెలిసిన రోజు నుంచీ తీసేయమనే పోరుతోంది. ఆల్బమ్ రావడానికి ఇంకా నలభై రోజులున్నాయి, దాన్ని నిలబెట్టేది ఈ పాటే. అమ్మకు ఇదేమీ చెప్పకుండా బస్సెక్కాను.

మే 28

ఊళ్ళో కుప్పుస్వామి తాత పోయాడు. అమ్మను పిలిచారు. ఆమె తల దగ్గర కూర్చుని నోరు తెరవగానే నాలుగు ఫోన్లు పైకి లేచాయట. ఒక పిల్ల, పాటలో గొంతు ఈమెదే అని కిసుక్కుమందట. అమ్మ సగంలో ఆపేసి ఇంటికి వచ్చేసింది.

ఇది చెప్పిందీ చిన్నమ్మే. ఆమెకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు తిరుపతికి డయాలసిస్‌కు వస్తుంది. ఈ రోజు బెడ్ పక్కన కూర్చోబెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

"నేను పొయ్యేలోగా దాన్ని తీసెయ్ నాయనా. నా కాడ ఏడ్సేదానికి మా అక్క గొంతు నాకు కావాల."

ఆల్బమ్ రానీ చిన్నమ్మా, తర్వాత తప్పకుండా అన్నాను. చావుకు డేట్ ఇచ్చిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను.

జూన్ 14

ఆల్బమ్ వచ్చింది. మహిత గ్రూపు వదిలేసింది. మిగతా ఆరు ట్రాకులు ఎవరూ వినడం లేదు.

జూన్ 22

రేపు తీసేస్తాను.

జూన్ 30, శ్రీకాళహస్తి

చిన్నమ్మ పోయింది.

అమ్మ తల దగ్గర కూర్చుంది. ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఆమె ఎత్తుకుంటుందని ఎదురుచూశారు. ఎత్తుకోలేదు. చాలాసేపు ఎవరికీ ఏడుపు రాలేదు. చివరికి ఎవరో ఫోన్ తీసి పాట పెట్టారు. అమ్మ గొంతు వినపడగానే అందరూ ఏడవడం మొదలుపెట్టారు. నా ర్యాప్ వెర్స్ వచ్చినప్పుడల్లా పాటను ముందుకు జరిపారు.

అమ్మ ఈ రోజంతా మాట్లాడింది ఒక్కటే.

"సౌండు పెంచండప్పా. మా సెల్లెలికి ఇనపడాల."