ఐదు దాకే ఉన్న బడి

సిరిసిల్లలో ఉన్న పెద్దక్కకు చెల్లె సుజాత దండం పెట్టి రాసేది. ఇచ్చోడ దగ్గర ఈ ఊళ్లె మేము నలుగురం మంచిగనే ఉన్నం. నువ్వు, బావ, మీ అత్తమ్మ మంచిగున్నరా? బావకు దగ్గు తగ్గిందా? ఫోన్ల మాట్లాడితే సగం మాటలు మిగిలిపోతున్నయి. అందుకే రాసి మా ఆయన చేతికిస్తున్న. ఆదివారం మా పెద్దది రమ్యను తీసుకొని వస్తడు.

ఇక్కడ వానలు మొదలైనయి. జిన్నింగు మిల్లుల పత్తి పని అయిపోయింది, ఆయన ఇప్పుడు అక్కడనే కావలి ఉంటుండు. నాకు జొన్నరొట్టె చేతితోని కొట్టుడు వచ్చింది. చుట్టుపక్కలోళ్లు మరాఠీ, గోండి మాట్లాడుకుంటరు, నాతోని తెలుగుల మాట్లాడుతరు, మంచోళ్లే. మన సిరిసిల్లల బట్ట నేసే సాంచెల చప్పుడు లేక మొదట్ల చెవులు మూసుకపోయినట్టు ఉండె. ఇప్పుడు అలవాటైంది. నా గురించి ఫికర్ చెయ్యకు.

రమ్య సంగతి వివరంగ చెప్త. వచ్చిన కొత్తల ఇక్కడ బడి ఉన్నదా అని అడిగినం, ఉన్నదన్నరు. ఎన్నో తరగతి దాక అని అడగలే. నువ్వు, నేను ఒకటే గేటు లోపల ఒకటి నుంచి పది దాక చదివినోళ్లం, అట్ల అడగాలని తోచనే లేదు. ఈ బడి ఐదు దాకే. పక్క ఊళ్లె ఏడు దాక ఉండెనట, పిల్లలు తక్కువైండ్రని ఆరు, ఏడు ఎత్తేసిండ్రు. ఇంక ఆరు చదవాలంటే ఇచ్చోడ హైస్కూలే. నడుమ ఒర్రె ఉన్నది, గట్టి వాన పడితే నీళ్లు పారి ఆటో దాటదు. రమ్యతోని ఐదు పాసైన ఇద్దరు ఆడపిల్లల్ల ఒకామెకు గురుకులంల సీటొచ్చింది, ఒకామె బడి మానేసింది. మనదానికి సీటు రాలే.

టీసీ తెచ్చుకునే రోజు ఇద్దరు పిల్లలను తోలుకపోయిన. సారు కాగితం ఇస్తుంటే రమ్య అన్నది, "సార్, నేను మళ్ల ఐదే చదువుత. ఈసారి తక్కువ మార్కులు తెచ్చుకుంట."

సారు నవ్విండు. "ఇంకో ఏడాది కూసుంటే పాఠాలు నువ్వే చెప్తవు బిడ్డా, నా నౌకరి పోతది."

చిన్నది ఇప్పుడు మూడుకొచ్చింది. అది గూడ ఊకోలే. "అక్క ఆరుకు పోతే నేను గూడ ఆరుకే," అన్నది. అందరు నవ్విండ్రు. నేను సంతకం పెట్టిన.

ఇంటికొచ్చినంక ఆయన అన్నడు, "మీ అక్క తోలుమంటున్నది కదా. ఇంట్ల కూసుండబెడుదమా, అక్కడ చదివిద్దమా, నువ్వే చెప్పు."

పంపుదమన్న. అన్నంక ఏడుపొస్తదేమో అని చూసిన. రాలే. గిన్నెలు కడుక్కున్న.

రమ్య తిండికి సతాయించదు. జడలు మటుకు దానికి సరిగ రావు, నువ్వే వెయ్యాలె. పక్కల మనిషి ఉంటేనే నిద్రపోతది, మీ అత్తమ్మ దగ్గర పండుకోబెట్టు. చిన్నది గూడ ఐదు అయిపోగొడితే మళ్ల ఇదే సంగతి. దాని గురించి ఇప్పుడు ఆలోచిస్తలేను.

బడిల చేర్పించేటప్పుడు సంరక్షకులు ఎవరని అడుగుతరు. ఆయన ఆగడు, మిల్లుకు రావాలె. నీ పేరే రాయించు. దానికి జరమొచ్చినా, మార్కులు తగ్గినా పిలిస్తే పోయేది నువ్వే కదా. నేనేమీ అనుకోను. నిజంగనే ఏమీ అనిపిస్తలేదు అక్కా.

బావకు, మీ అత్తమ్మకు నా దండాలు. రమ్య వచ్చి మీ కాళ్లు మొక్కుతది, నా వంతు గూడ దానితోనే మొక్కించుకొని ఇద్దరిని దీవించుండ్రి.

నీ చెల్లె,
సుజాత