రెండోసారి పోయిన మల్లన

మణుగూరు దగ్గరి తండా నుంచి

పుస్తకాల కంపెనీ సారుకు రామ్ రామ్.

ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటున్నది గానీ మనిషి పలకట్లేదు. అందుకే రాస్తున్న. నాకు సంతకం కన్నా కొంచెమే ఎక్కువ వచ్చు. తప్పులుంటే సర్దుకోండి.

నా కొడుకు బలరాం బొగ్గుబావిలో పనిచేసేవాడు. డ్యూటీ దిగి వచ్చినంక మీ ‘గోదారి మీద కత్తి’ పుస్తకం నాకు చదివి వినిపించిండు. పోయిన వానాకాలం జ్వరమొచ్చి పోయిండు. ఆ పుస్తకాన్ని బిడ్డ హేమలత బోనకల్ తీసుకపోయింది. ఇప్పుడు మల్లన సేనానిదే ‘నల్లగుర్రం’ అని కొత్తది వచ్చిందంటే, తర్వాతి కథేమో అనుకొని తెప్పించిన. బిడ్డ వచ్చి చదివింది. ఆఖరికి మల్లన వరదలో పోయిండు. ఇట్లెట్ల చేసిండ్రో చెప్పండి.

ఇట్లు,
రూప్లి

మళ్లీ రాసేది: గుర్రం మాత్రం ఈదుకుంట ఒడ్డెక్కింది. దాన్ని బతికించబుద్ధయింది గదా మీకు.

ఖమ్మం

శ్రీమతి రూప్లి గారికి నమస్కారాలు.

మీ కుమారుడు బలరాం గారు, మీ బంధువు మల్లన గారు ఒకరి వెంట ఒకరు మరణించారని తెలిసి దిగ్భ్రాంతి చెందాము. మీ గుర్రం క్షేమంగా బయటపడటం కొంతలో కొంత ఊరట. పుస్తకం వరదలో తడిసి ఉంటే మాత్రం మార్చి ఇవ్వలేమని మనవి.

భవదీయుడు,
వెంకటరామారావు, మేనేజరు

తా.క.: మల్లన గారు మా పాత ఖాతాదారులా? పేరు ఎక్కడో విన్నట్టుంది.

తండా

సారుకు రామ్ రామ్.

మల్లన మీ పుస్తకంలోనివాడే. నాకు గుర్రం లేదు, రెండు మేకలున్నయి.

బలరాం చదివిన దాంట్ల మల్లన వరద దాటి ఇల్లు చేరిండు. వాళ్లమ్మ అన్నం పెట్టింది. నా చెవులతోటి విన్న. కొత్తదాంట్ల కూడా కోట అదే, గుర్రం అదే, రాజుతోటి కొట్లాట అదేనట. ఆఖరే మార్చిండ్రు. నా కొడుకు పసిగుడ్డుగా ఉన్నప్పుడు దగ్గు తగ్గకపోతే పెద్దలు పేరు మార్చిండ్రు. నిలబడ్డడు. మేం బతకాలని పేరు మారుస్తం. మీరు పేరు మార్చి చంపిండ్రు.

నాకు మల్లన బతికిన పుస్తకమే కావాలె.

రూప్లి

మళ్లీ రాసేది: గుర్రం పేరు కూడా మార్చిండ్రేమో బిడ్డను చూడమన్న. మార్చలేదంట.

ఖమ్మం

అమ్మా, నమస్కారం.

మల్లన ఎవరో పోల్చుకోలేకపోయినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ నవల అచ్చుతప్పులు దిద్దింది నేనే.

అవి రెండు నవలలు కావు. పాతదాన్నే కొత్త పేరుతో వేశాం. లోపల పేరున్న కాగితం వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో పాత పేరు కనిపిస్తుంది. ఇకమీదట కొనేముందు అక్కడ చూడండి. లేదా మొదటి నాలుగు వాక్యాలు, మనుషుల పేర్లు పాతదానితో పోల్చుకోండి. పేరు తప్ప అక్షరం మార్చలేదు. మల్లన రెండింటిలోనూ మునిగిపోతాడు. పాత ప్రతి ఒకసారి తెరిపించండి.

వెంకటరామారావు

తా.క.: ఆ చిన్న అక్షరాలు నాకూ భూతద్దంలోనే కనబడతాయి.

తండా

సారుకు రామ్ రామ్.

హేమలత పాతది తెచ్చింది. మీరు చెప్పిందే నిజం. నమ్మలేక రెండుసార్లు చదివించిన. అందులోనూ పోయిండు.

ఆనాడు బలరాం చదువుతుంటే వరద కాడికి రాంగనే నాకు ఏడుపొచ్చింది. బలరాం నా మొహం చూసి ఆగిండు, మంచినీళ్లు తాగిండు, మళ్లీ చదివిండు. మల్లన ఇల్లు చేరినంక వాళ్లమ్మ ఏం వండిందిరా అని అడిగితే తల ఎత్తకుండనే, “గోంగూర. ఉప్పు కొంచెం ఎక్కువైందట” అన్నడు. ఆ పూట మా ఇంట్ల అదే కూర. ఉప్పెక్కువైంది నా కూరలనే. రాజుల కాలం కథలోకి నా గోంగూర ఎట్ల పోయిందని నాకు తట్టనే లేదు సారూ.

కొత్త పుస్తకం వాపసు పంపను. దాని ఆఖరి కాగితం మీద హేమలతతోటి ఇది రాయిస్తున్న, మీరూ రాసుకోండి: మల్లన గుర్రం తోక పట్టుకొని గోదారి దాటిండు. బట్టలు పిండుకున్నడు. వాళ్లమ్మ ఇంకా పడుకోలేదు. తలుపు తీసింది.

రూప్లి

మళ్లీ రాసేది: ఇట్ల అచ్చేస్తే ఇంకో పేరు పెట్టండి. అది మాత్రం వేరే పుస్తకమే. కొంట.