జోషువా తెచ్చిన గాలి

అబుదాబి ఎడారి క్యాంపు,
మే 2023

నా చంటీ,

నీకూ, రేచెల్‌కూ, పసివాడికీ ప్రభువు తోడుండాలి. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కదాన్నేనని గుర్తొచ్చి మానేశాను. నేను బాగానే ఉన్నాను.

సూరిబాబు కూరగాయల బండిలో నీ ఉత్తరం, పసివాడి ఫోటో తెచ్చి ఇచ్చాడు. చెవులు అచ్చం మీ నాన్నవే. నువ్వు అడిగావు గనక చెబుతున్నా, మోకాలి నొప్పి తగ్గింది, మాత్రలు ఆపలేదు. కొత్త ఏసీ బాగానే చల్లబరుస్తోంది. సమీనా మేడం నా పప్పుచారు దొరికితే ఇంక వేరే కూర ముట్టదు. ఖలాస్ అయిపోయిందా అంటూ వంటింట్లోకే వచ్చి గిన్నెలోకి తొంగి చూస్తుంది.

అజ్మాన్ వచ్చేసి మీతోనే ఉండమన్నావు. పసివాడికి తమ్ముడి పేరు, జోషువా అని పెడతాను, సరే అని ఒక్క మాట రాయమన్నావు. ఆ రెండిటికీ చివర జవాబు చెబుతాను. ముందు పోయిన వారం జరిగింది విను.

బెలూన్ ఎగరేయడం చూడటానికి కాలేజీ పిల్లలు వచ్చారు. వాళ్ళకు చాయ్ పట్టుకుని స్క్రీన్ గదిలోకి వెళ్ళాను. మేడం హిందీలో చెబుతోంది. ఇన్నాళ్ళూ ఇక్కడ అన్నం వండాను గాని, ఆ బెలూన్ ఎందుకు ఎగరేస్తారో నేను అడిగింది లేదు. పైన తిరిగే శాటిలైట్ గాలిలో ఏ గ్యాసు ఎంతుందో చెబుతుందట. అంత దూరం నుంచి చెప్పింది నిజమో కాదో తేలాలంటే, అది మన నెత్తి మీదికి వచ్చే వేళకు బెలూన్ కూడా పైకి వెళ్ళి ఆ గాలినే పట్టుకు రావాలట. రెండూ ఒకటే చెబితేనే నమ్మకం. బెలూన్‌కు కట్టే డబ్బాలో చుట్టలు చుట్టిన గొట్టం ఉంటుంది కదా, అందులోకి పై గాలి, కింది గాలి పొరలు పొరలుగా వస్తుందట. బెలూన్ పగిలి డబ్బా కింద పడ్డాక గబగబా తేవాలి, లేకపోతే పొరలు కలిసిపోతాయి. పైకి తేలిన మజ్జిగ తేట కుండ కదిపితే కలిసిపోయినట్టే గదా అనుకున్నాను.

ఇంత ఎడారిలో డబ్బా ఎక్కడ పడిందో ఎలా దొరుకుతుందని ఒక పిల్ల అడిగింది. మేడం కుర్చీ మీద చెయ్యి వేసి, "ఇందులో కూర్చున్నవాడు స్క్రీన్ చూసి దారి చెప్పాలి. వాడు చెప్పకపోతే ఎవరికీ దొరకదు" అంది.

గ్లాసులు బల్ల మీద పెట్టేసి ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళాను.

పోయిన జూలైలో ఆ కుర్చీలో కూర్చున్నది నువ్వు, చంటీ. నీకు మజ్జిగ తెచ్చింది నేను. వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుని, గ్లాసు అక్కడ పెట్టమని చేత్తోనే చూపించావు. పెట్టి వచ్చేశాను. సాయంత్రం, ఎండదెబ్బకు పోయిన తమ్ముణ్ణి తెచ్చాక నా కాళ్ళ దగ్గర కూలబడి, "నాకు చెప్పకుండా బండి తీసుకుపోయాడమ్మా" అని ఏడ్చావు. మీ పెద్ద ఆఫీసరు ముదీర్‌కూ, పోలీసులకూ అదే చెప్పావు. నేను నీ తల నిమిరాను.

వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎవరినీ ఎండలో పనికి పంపకూడదని ఇక్కడ చట్టం. ఎవరినీ ఒంటరిగా పంపకూడదని మీ ఆఫీసు కట్టడి. గొట్టంలో గాలి పాడవుతుందని రెండూ పక్కన పెట్టావు. అన్న చెప్పాడని వాడు వెళ్ళాడు. అంతవరకైతే తల్లిని, ఎలాగో దిగమింగుకునేదాన్ని. చచ్చిపోయినవాడు తిరిగి మాట్లాడలేడని వాడి మీద నింద వేశావు చూడు, అది మింగుడు పడటం లేదు. క్యాంపులో అందరూ వాడు దుడుకువాడంటే నేనూ తల ఊపాను. వాడి ఫోటో ముందు నిలబడి, ఎవరు వెళ్ళమన్నార్రా నిన్ను అని తిట్టాను. నా చేత నా బిడ్డను తిట్టించావు.

బండి ఇసకలో దిగబడి ఉందనీ, వాడి ఒంటి మీద చొక్కా లేదనీ వెతకడానికి వెళ్ళిన సూరిబాబు అప్పుడే చెప్పాడు. ఆ చొక్కా డబ్బా మీద కప్పి, డబ్బాను బండి నీడలో పెట్టాడట. నువ్వు దారి చెప్పకపోతే ఆ డబ్బా వాడికి ఎలా దొరికింది? శాటిలైట్ మాటతో అన్నిటికంటే బాగా సరిపోయింది ఆ రోజు గాలేనని మేడం ఆ పిల్లలకు చెప్పింది.

శుక్రవారం నువ్వు ఫోన్ చేసేసరికి ఇదంతా నాకు తెలుసు. తెలిసే, పసివాడు పాలు తాగుతున్నాడా అని అడిగి పెట్టేశాను. ఫోన్లో అయితే నువ్వు మాట మారుస్తావు. కాగితం మీద అయితే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

ఇక నీ ప్రశ్నలు. ఇప్పుడు అజ్మాన్ రాను. పేరుకు కూడా సరే అనను. చెప్పకుండా బండి తీసుకుపోయినవాడి పేరు పసివాడికి ఎందుకు? ముదీర్ దగ్గరికి వెళ్ళి, తమ్ముణ్ణి పంపింది నేనే అని చెప్పు. పోలీసులకూ చెప్పు. ఉద్యోగం పోవచ్చు, అంతకంటే పెద్దదే మీద పడొచ్చు. నాకు తెలియక కాదు. రేచెల్ ఆసుపత్రి డ్యూటీకి వెళితే పిల్లవాణ్ణి నేను చూసుకుంటాను. నువ్వు చెప్పావని తెలిసిన రోజున పిలవకపోయినా వస్తాను. తమ్ముడి పేరు కడిగి తీసుకురా నాన్నా, పసివాడి చెవిలో నేనే చెబుతాను.

ఇట్లు,
నీకూ జోషువాకూ అమ్మ,
మాణిక్యమ్మ

సూరిబాబు చేత రొయ్యల పచ్చడి పంపుతున్నాను. నువ్వు రాత్రిళ్ళు అన్నం వదిలేస్తున్నావని రేచెల్ చెప్పింది. వేడన్నంలో కలుపుకుని కడుపునిండా తిను.